షుగర్‌ని వెనక్కి మళ్లించే న్యూకాజిల్ పద్ధతి లావుగా లేనివాళ్లకు పనిచేస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా: వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా టైప్ 2 షుగర్. మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 మి.గ్రా., గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. వేసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7.6 దగ్గరే ఆగింది. ఇంగ్లండ్‌లో ఒక ప్రొఫెసర్ 8 వారాల్లో షుగర్ పోగొట్టారని వీడియోలో చూశారు. అది నిజమా, పెద్దగా లావు లేని మీకు పనికొస్తుందా, 18 ఏళ్లుగా షుగర్ ఉండి ఇన్సులిన్ వేసుకుంటున్న మీ నాన్నగారికి కూడా చేయించవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. పరిశోధన నిజమైనదే. మీకు పనిచేసే అవకాశం బాగానే ఉంది. మీరు తగ్గాల్సింది సుమారు 7 కిలోలు. కాకపోతే గ్లిమిపిరైడ్ వేసుకుంటూ తిండి బాగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి డాక్టర్‌తో మాట్లాడకుండా మొదటి రోజు కూడా మొదలుపెట్టకండి. ఇక తగ్గిన 7 కిలోలు మళ్లీ ఎక్కితే షుగర్ కూడా తిరిగొస్తుంది. నాన్నగారి సంగతి వేరు, చివర్లో రాస్తాను.

ఆ ప్రొఫెసర్ పేరు రాయ్ టేలర్, న్యూకాజిల్ యూనివర్సిటీ. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్న షుగర్ రోగులకు వారం తిరక్కుండానే ఫాస్టింగ్ మామూలు స్థాయికి రావడం చాలామంది డాక్టర్లు గమనించారు. ఆ వారంలో కిలోలకు కిలోలు కొవ్వు కరగదు, మరి షుగర్ ఎందుకు దిగింది? పేగుల్లోని హార్మోన్ల వల్ల అని ఎక్కువమంది అనుకున్నారు. టేలర్ మాత్రం, వాళ్లు ఒక్కసారిగా తిండి మానేయడంతో లివర్‌లోని కొవ్వు ముందుగా ఖర్చయిపోయి ఉంటుందని ఊహించి, 2008లో ఆ సిద్ధాంతాన్ని ప్రచురించారు. రెండు చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుతున్నట్టు ఉంటుంది కాబట్టి దానికి జంట చక్రాల సిద్ధాంతం అని పేరు.

మీరు చేయబోయే ప్రతి పనికీ కారణం ఇందులోనే ఉంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ఖర్చుకు మించి తింటూ ఉంటే చర్మం కింద దాచుకోలేని కొవ్వు లివర్‌లో చేరుతుంది. రాత్రి మనం నిద్రపోయేటప్పుడు లివర్ రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. ఎంత వదలాలో ఇన్సులిన్ అదుపు చేస్తుంది. కొవ్వు పట్టిన లివర్ ఆ మాట వినదు. అందుకే రాత్రి రెండు పుల్కాలే తిన్నా పొద్దున ఫాస్టింగ్ 150 చూపిస్తుంది. దాన్ని దించడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, ఆ ఎక్కువ ఇన్సులినే లివర్‌లో మరింత కొవ్వు తయారీకి దారి తీస్తుంది. ఇది మొదటి చక్రం. నిండిపోయిన లివర్ ట్రైగ్లిజరైడ్ల రూపంలో కొవ్వును రక్తంలోకి తోస్తుంది, అందులో కొంత క్లోమంలో చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఆ కొవ్వు మధ్య తమ పని మరిచిపోతాయి. అన్నం తిన్న మొదటి పది నిమిషాల్లో రావాల్సిన ఇన్సులిన్ ఉరవడి రాదు, తిన్న తర్వాత షుగర్ ఎగబాకుతుంది. ఇది రెండో చక్రం.

2011లో వచ్చిన కౌంటర్‌పాయింట్ అనే ప్రయోగంలో దీన్ని పరీక్షించారు. షుగర్ వచ్చి నాలుగేళ్లు దాటని 11 మందికి 8 వారాలు రోజుకు సుమారు 600 కేలరీలే ఇచ్చారు: పౌడర్ కలిపిన పానీయం, పిండిపదార్థం తక్కువగా ఉండే కూరగాయలు. వారం రోజుల్లో సగటు ఫాస్టింగ్ 166 నుంచి 106కి దిగింది, లివర్ కొవ్వు 30 శాతం తగ్గింది. 8 వారాలకు లివర్ కొవ్వు 12.8 శాతం నుంచి 2.9 శాతానికి, క్లోమంలో కొవ్వు 8 నుంచి 6.2 శాతానికి వచ్చాయి. బరువు సగటున 15 కిలోలు తగ్గింది. లివర్ వారంలో తేరుకుంది, క్లోమానికి 8 వారాలు పట్టింది. క్లోమం అంత చిన్న అవయవం, అందులోంచి పోవాల్సిన కొవ్వు తూకం వేస్తే ఒక గ్రాము కూడా ఉండదు. ఆ గ్రాము లోపు కొవ్వు కదలాలంటే ఒంట్లోంచి కిలోలు పోవాలి, అదే ఇందులో కష్టం.

11 మందితో ఏమీ తేలదన్నది న్యాయమైన విమర్శే. దానికి జవాబుగా గ్లాస్గోకు చెందిన మైక్ లీన్‌తో కలిసి టేలర్ చేసిన డైరెక్ట్ ప్రయోగం ఫలితాలు 2017 డిసెంబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్ ప్రాంతాల్లోని 49 మామూలు ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లలో, సుమారు 300 మందితో. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 27 నుంచి 45 మధ్య, ఇన్సులిన్ మీద లేనివాళ్లు. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825–853 కేలరీల పౌడర్ ఆహారం, తర్వాత మెల్లగా మామూలు తిండి. షుగర్, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపేశారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్రల్లేకుండా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు వచ్చింది. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లలో అది 4 శాతం.

ఈ ప్రయోగం మొత్తంలో నేను అందరికీ చెప్పే అంకెలు ఇవి: 5 నుంచి 10 కిలోలు తగ్గినవాళ్లలో 34 శాతం మందికి, 10 నుంచి 15 తగ్గినవాళ్లలో 57 శాతం మందికి, 15 కిలోలు ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మందికి షుగర్ వెనక్కి వెళ్లింది. బరువు పెరిగినవాళ్లలో ఒక్కరికీ వెళ్లలేదు.

వీడియోల్లో సాధారణంగా చెప్పని భాగం కూడా చూడండి. రెండేళ్లకు ఆ 46 శాతం 36కి తగ్గింది. ఆ తర్వాత కూడా సలహా, సాయం కొనసాగించినవాళ్లలో ఐదేళ్లకు మిగిలింది 13 శాతమే. కారణం బరువు తిరిగి ఎక్కడం. షుగర్ తిరిగొచ్చినవాళ్లను స్కాన్ చేస్తే లివర్ కొవ్వు, క్లోమం కొవ్వు మళ్లీ పెరిగి కనిపించాయి. అందుకే డాక్టర్లు "నయమైంది" అనరు, "రెమిషన్" అంటారు. 2021లో అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్న నిర్వచనం: షుగర్ మందులు ఆపి కనీసం 3 నెలలైనా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉండాలి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ 6.2 వస్తే మంచి అదుపే గానీ రెమిషన్ కాదు. బరువు తగ్గించే ఇంజెక్షన్ మీద ఉండగా వచ్చిన అంకెకూ ఇదే లెక్క.

ఇప్పుడు మీ అసలు సందేహం. మీ బీఎంఐ 25. బ్రిటన్ లెక్కలో గీత మీద ఉన్నారు, మన దేశంలో వాడే లెక్కలో 23 దాటితేనే అధిక బరువు. పుణె కేఈఎం హాస్పిటల్‌కు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కనే పెట్టి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చేతులు కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండే మన ఒళ్లు ఇదే. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు నడుముకు హద్దు, మీది 94. కాబట్టి "నేను లావు లేను" అన్న మాట పక్కన పెట్టండి.

టేలర్ దీన్ని వ్యక్తిగత కొవ్వు హద్దు అంటారు. ఒక్కొక్కరి చర్మం కింద ఎంత కొవ్వు పడుతుందో పుట్టుకతో వచ్చే లెక్క. ఒకరికి 110 కిలోలకూ షుగర్ రాదు, ఇంకొకరికి 68 కిలోలకే ఆ గిన్నె నిండి లివర్‌లోకి పొర్లుతుంది. ఈ మాటను నేరుగా పరీక్షించిన ప్రయోగం రీట్యూన్, 2023లో ప్రచురితమైంది. బీఎంఐ 27 లోపు ఉన్న 20 మంది, సగటు 24.8, అంటే దాదాపు మీరే. 5 శాతం బరువు తగ్గడం, కొన్ని వారాలు నిలకడగా ఉండడం, షుగర్ ఇంకా వెనక్కి వెళ్లకపోతే మళ్లీ 5 శాతం, ఇలా గరిష్ఠంగా మూడు విడతలు. 20 మందిలో 14 మందికి రెమిషన్ వచ్చింది, సగటు బీఎంఐ 22.5కి చేరింది. సన్నగా ఉన్నవాళ్లని కూడా కొవ్వే ముంచిందని దీంతో తేలింది. చిన్న ప్రయోగమే, అందులోనూ మన దేశంలో చేసింది కాదు. అయినా మీలాంటివాళ్లకు ఉన్నవాటిలో ఇదే దగ్గరి ఆధారం.

మీ లెక్కలో ఒక విడత 3.5 కిలోలు. రెండు విడతలకు 64 కిలోలు, బీఎంఐ 22.7. 15 కిలోలు తగ్గాలన్న మాట మీకు వర్తించదు, ఆ పని చేయొద్దు. కండ పోతుంది, నీరసం మిగులుతుంది.

మొదలుపెట్టే ముందు చేయాల్సినవి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి తిండి తగ్గించిన రోజు నుంచే ఆపాల్సి ఉంటుంది, ఇవి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని పిండుతాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిండిపదార్థం బాగా తగ్గించిన ఒంట్లో ఇవి కీటోన్లను (కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలను) ప్రమాదకరంగా పెంచగలవు. అప్పుడు గ్లూకోమీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి వాంతులు, ఆయాసం వచ్చినా గ్యాస్ అనుకుని కూర్చుంటారు. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు తీసేవి, ఉంటే తగ్గించాలి, లేకపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో షుగర్ పడిపోయే భయం తక్కువ, ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెబుతారు. ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి.

రెటీనా పరీక్ష చేయించండి. కంట్లో ముందే దెబ్బ ఉంటే షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు అది కొంతకాలం ముదరవచ్చు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఎస్‌జీపీటీ (లివర్ పరీక్ష), ట్రైగ్లిజరైడ్లు, హిమోగ్లోబిన్, కడుపు స్కాన్ కూడా ఉండాలి. స్కాన్‌లో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని వస్తే "అది అందరికీ ఉంటుందిలే" అని పక్కన పడేస్తారు. మీ షుగర్‌కి మూలం ఆ ఒక్క వాక్యంలోనే ఉండొచ్చు. న్యూకాజిల్‌లో వాడిన ఎంఆర్‌ఐ మనకు అక్కర్లేదు. ఎస్‌జీపీటీ, ట్రైగ్లిజరైడ్లు దిగుతున్నాయంటే లివర్ ఖాళీ అవుతోందని అర్థం. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు, మన ఆడవాళ్లలో ఇది మామూలే, కాబట్టి ఫాస్టింగ్, తిన్న తర్వాత అంకెలు కూడా పక్కన పెట్టుకుని చూడాలి.

టైప్ 1 ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. నిజంగానే బక్కగా, బీఎంఐ 21 లోపు ఉండి షుగర్ వచ్చినవాళ్లు ముందు సి-పెప్టైడ్ (ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), గాడ్ యాంటీబాడీ (టైప్ 1ని పట్టిచ్చేది) పరీక్షలు చేయించాలి. అది మెల్లగా వచ్చే టైప్ 1 కావచ్చు, దక్షిణ భారతంలో కనిపించే క్లోమంలో రాళ్ల వల్ల వచ్చే షుగరూ కావచ్చు. వాళ్లకు తిండి మాన్పిస్తే కీడే జరుగుతుంది.

తిండి ఎలా ఉండాలి. ప్రయోగాల్లో పౌడర్ వాడింది అందులో ఏదో మందు ఉందని కాదు. కొలత తప్పదు, విటమిన్లు, ఖనిజాలు సరిపోతాయి, ఏం తినాలన్న ఆలోచన ఉండదు. మీరూ వాడేట్టయితే లేబుల్ చూడండి: పూటకు సుమారు 200 కేలరీలు, 15–20 గ్రాముల ప్రోటీన్, విటమిన్లు, ఖనిజాలు ఉండాలి. జిమ్ ప్రోటీన్ పౌడర్, మాల్ట్ పౌడర్ దీనికి బదులు కావు.

పౌడర్ వద్దనుకుంటే మన వంటింట్లో 800 కేలరీలు ఇలా వస్తాయి. అన్నీ వండక ముందు తూకం, వంటింటి తూకం యంత్రం తప్పనిసరి. పొద్దున 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు చక్కెర లేకుండా, రెండు ఉడికించిన గుడ్లు: 270. మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో చిక్కటి పప్పు, 240 గ్రాముల కూర, ఒక టీ స్పూను నూనె, 100 గ్రాముల పెరుగు చిలికిన మజ్జిగ: దాదాపు 300. రాత్రి 100 గ్రాముల చర్మం లేని కోడిమాంసం, 200 గ్రాముల కూర, ఒక టీ స్పూను నూనె: 215. మొత్తం మీద 55 గ్రాములకు పైనే ప్రోటీన్ వస్తుంది. శాకాహారులు గుడ్లకు బదులు 50 గ్రాముల పనీర్, కోడిమాంసానికి బదులు 35 గ్రాముల మీల్ మేకర్ వాడుకోవచ్చు. కూర అంటే ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, వంకాయ, బెండకాయ, ఆకుకూరలు. కంద, చేమదుంప, బంగాళాదుంప కాదు. రోజుకో మల్టీవిటమిన్ మాత్ర, రెండున్నర లీటర్ల నీళ్లు. మలబద్ధకం వస్తుంది, ఇసబ్‌గోల్ సాయపడుతుంది.

మొదటి నాలుగైదు రోజులు తలనొప్పి, చిరాకు, విపరీతమైన ఆకలి ఉంటాయి. ఆ తర్వాత ఆకలి చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఫాస్టింగ్ రోజూ చూడండి. 70 కంటే తగ్గితే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. వరుసగా మూడు రోజులు 200 దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. తిన్న తర్వాత అంకె ఫాస్టింగ్ కంటే ఆలస్యంగా దిగుతుంది, కారణం పైన చెప్పిన రెండో చక్రమే. హెచ్‌బీఏ1సీ మాత్రం 3 నెలలు గడిస్తే గాని చూడకండి.

ఎక్కడ దెబ్బతింటారంటే, అన్నం మానేసి రాగి సంకటి, జొన్న రొట్టె కడుపునిండా తినడం దగ్గర. 100 గ్రాములకు బియ్యం సుమారు 355 కేలరీలు, జొన్న 335, రాగి 320. పీచు ఎక్కువన్నది నిజమే గానీ లివర్‌లోని కొవ్వు లెక్కకు ఈ తేడా చాలదు. రెండోది పల్లీ చట్నీ, ఆవకాయ నూనె, కారప్పొడిలో నెయ్యి. 30 గ్రాముల పల్లీలు 160 కేలరీలు, మీ రోజులో అయిదో వంతు అక్కడే అయిపోయింది. మూడోది ఈ వారాల్లోనే జిమ్ మొదలుపెట్టడం. బాగా చెమట పట్టేలా చేస్తే ఆకలి పెరిగి తిండి దాటిపోతుంది, అందుకే టేలర్ కూడా ఈ దశలో కొత్తగా కఠిన వ్యాయామం వద్దంటారు. రోజూ నడిచే నడక చాలు. నాలుగోది ఇంట్లోవాళ్ల ఆప్యాయత. "మొహం పీక్కుపోయింది, ఒక్క ముద్ద తిను" అంటారు. ఎన్ని వారాలు, ఎందుకు చేస్తున్నారో మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పండి. వండేవాళ్లు మీ వైపు లేకపోతే ఇది సాగదు.

3.5 కిలోలు తగ్గడానికి మీకు 3 నుంచి 4 వారాలు పట్టవచ్చు. తర్వాత నెల రోజులు ఆ బరువు దగ్గరే నిలబడండి, అంకెలు చూసి రెండో విడతకు వెళ్లండి. లక్ష్యం చేరాక తిండిని ఒక్కో పూటే తిరిగి తెచ్చుకోవాలి. మొదటి రెండు వారాలు మధ్యాహ్నం మాత్రమే: 50 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పప్పు, 200 గ్రాముల కూర, ఒక టీ స్పూను నూనె, మజ్జిగ, మొత్తం సుమారు 380 కేలరీలు. తర్వాత రాత్రి భోజనం, ఆ తర్వాత టిఫిన్. 64 కిలోల మనిషికి 71 కిలోల మనిషి తిండి పట్టదు. పాత కొలతలో ముప్పావు వంతే ఇక మీ మామూలు భోజనం. నడక పెంచాల్సింది ఇప్పుడు. డైరెక్ట్‌లో ఈ దశలో రోజుకు 15,000 స్టెప్పుల వరకు నడవమని ప్రోత్సహించారు.

ప్రతి ఆదివారం పొద్దున తూకం. 2 కిలోలు పెరిగితే రోజుకు ఒకటి రెండు పూటలు పౌడర్‌కో పైన చెప్పిన పాలు, గుడ్ల కొలతకో మారండి. 4 కిలోలు దాటితే రెండు నుంచి నాలుగు వారాలు మళ్లీ పూర్తిగా 800 కేలరీల తిండికి వెళ్లాలి. పెళ్లిళ్ల నెలల్లో, సంక్రాంతికి, ఊరెళ్లొచ్చిన వారంలో పెరుగుతుంది, అది తప్పు కాదు. తూకం యంత్రాన్ని మంచం కింద దాచేయడమే తప్పు. రెమిషన్ వచ్చాక కూడా ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ, కళ్లు, పాదాలు, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు ఆపకూడదు. స్టెరాయిడ్ వాడాల్సి వస్తే షుగర్ మళ్లీ లేస్తుంది, ఆ సంగతి రాసే డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఇక నాన్నగారు. ఇన్ని ఏళ్లు గడిచాక బీటా కణాలు తిరిగి పనిలోకి వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. టేలర్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో షుగర్ వచ్చి ఆరు నెలల నుంచి 23 ఏళ్ల వరకు అయినవాళ్లు 30 మంది ఉన్నారు. బరువు అందరూ ఇంచుమించు ఒకేలా తగ్గారు, ఆరు నెలల తర్వాత కూడా ఫాస్టింగ్ షుగర్ హద్దు కంటే కింద నిలిచింది సుమారు 40 శాతం మందికే. వాళ్లలో ఎక్కువమందికి షుగర్ వచ్చి తక్కువ ఏళ్లే అయింది. అందుకే నాన్నగారికి "ఇన్సులిన్ మానేయొచ్చు" అని చెప్పకండి. పొట్ట ఉంటే 4–5 కిలోలు నిదానంగా తగ్గించడం వల్ల ఇన్సులిన్ యూనిట్లు, బీపీ మాత్రలు తగ్గే వీలుంది, అది చిన్న లాభం కాదు. కానీ 800 కేలరీల పద్ధతి ఇంట్లో ఆయనకు చేయించొద్దు. ముందు సి-పెప్టైడ్ చేయించి, ఆయన డాక్టర్‌కి చూపించండి. అది చాలా తక్కువగా వస్తే ఇన్సులిన్ ఆయనకు ఆహారంతో సమానం, ఒక్క పూట కూడా మానకూడదు.